పాడైపోయిన పాత వాచీకి లక్షలు ఎందుకు ఇస్తారు?

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ తాతగారు ఓడల్లో పనిచేసేవారట. 1960ల్లో సింగపూర్‌లో ఆయన కొనుక్కున్న ఒమేగా కంపెనీ సీమాస్టర్ 300 వాచీ ఈ మధ్య బీరువాలో బయటపడింది. గ్లాసు పగిలి ఉంది. నల్ల డయల్ గోధుమరంగుకు తిరిగింది. గ్లాసు చుట్టూ ఉండే అంకెల రింగు, అంటే బెజెల్, రంగు వెలిసిపోయి, అంకెలు సగం చెరిగిపోయాయి. కీ తిరగడం లేదు. నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే, కొత్త డయల్ వేసి కేసుకు పాలిష్ పట్టి ఎనిమిది వేలకు కొత్తదానిలా చేసిస్తాం అన్నారట. చెన్నై నుంచి ఒకాయన ఫోటోలు చూసి, ఏమీ చేయించకుండా ఉన్నది ఉన్నట్టుగా ఇస్తే రెండు లక్షలు ఇస్తానన్నారట. ఇంతగా పాడైన వాచీకి అంత డబ్బు ఎందుకు ఇస్తారు, ఇందులో ఏమన్నా మోసం ఉందా అన్నది వాళ్ళ సందేహం.

ముందు ఒక మాట. ఆ వాచీని పాలిష్‌కు ఇవ్వకండి. ఈ సమాధానం మొత్తం చదివే తీరిక లేకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. మీ చెన్నై ఆయన మంచివాడో కాదో నాకు తెలియదు గానీ, పాడైన వాచీకి అంత మొత్తం ఇస్తాననడంలో మాత్రం వింతేమీ లేదు. నేను ఒంగోలులో వాచీలు రిపేరు చేస్తూ, పాత వాచీలు కొనేవాళ్ళకు సలహా చెబుతూ ఉంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే. పాడైపోయినందుకు ఎవరూ డబ్బు ఇవ్వరండి. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టనందుకు ఇస్తారు. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే.

మామూలుగా మనం వాచీని చూడగానే అడిగేది "నడుస్తుందా?" అని. నడవకపోతే పనికిరాదని లెక్క. పాత వాచీలు సేకరించేవాళ్ళకు ఆ ప్రశ్న చాలా చివర్లో వస్తుంది. ఎందుకో మీ వాచీతోనే చెబుతాను. తేదీ లేని సీమాస్టర్ 300లో ఆ కాలంలో 552 నంబరు మిషన్ ఉండేది. రాగి రంగులో మెరుస్తూ ఉంటుంది, చాలా మంచి మిషన్. ఒమేగా 1960ల్లో ఈ కుటుంబపు మిషన్లను రకరకాల మోడళ్ళలో పెద్ద సంఖ్యలో వాడింది. అంటే ఇవాళ్టికీ దానికి మెయిన్ స్ప్రింగ్, బ్యాలెన్స్, కీ కడ్డీ, పళ్ళ చక్రాలు వెతికితే దొరుకుతాయి. కీ తిరగడం లేదంటే చాలాసార్లు కీ కడ్డీ దగ్గర తుప్పు పట్టి ఉంటుంది, లేదా పాత ఆయిల్ జిగురులా గడ్డకట్టి ఉంటుంది. మిషన్‌లో ప్లేట్లు ఇత్తడివి కాబట్టి వాటికి తుప్పు పట్టదు. పట్టేదల్లా ఉక్కు భాగాలకు: స్క్రూలు, స్ప్రింగులు, కడ్డీలు. అవి మార్చుకోవచ్చు. పని తెలిసిన రిపేరర్ చేతిలో పడితే అరవై ఏళ్ళ మిషన్ మళ్ళీ శుభ్రంగా నడుస్తుంది.

డయల్ అలా కాదు. డయల్‌ను రిపేరు చేయడం అంటూ ఉండదు. పైనున్న రంగు, అక్షరాలు, ముళ్ళ మీదా అంకెల మీదా పూసిన వెలుగు పదార్థం, ఇవన్నీ ఫ్యాక్టరీలో ఒక్కసారి పడతాయి. మళ్ళీ వేస్తే అది వేరే డయల్ అవుతుంది. తాతగారి కాలం నాటి దస్తావేజులో సిరా వెలిసిపోయిందని ఎవరైనా కొత్త పెన్నుతో ఆ అక్షరాల మీదే దిద్దితే ఆ కాగితం గతి ఏమవుతుందో మీకు తెలుసు. రాత స్పష్టంగానే కనిపిస్తుంది, కానీ అది ఇక సాక్ష్యం కాదు. పాత వాచీ కొనేవాడికి డయల్ ఆ దస్తావేజు లాంటిది. అందుకే పాత వాచీ ధరలో ఎక్కువ భాగం డయల్‌దే అని ఈ రంగంలో ఉన్నవాళ్ళు అంటారు. నేనూ అదే అంటాను. షాపువాళ్ళు ఎనిమిది వేలకు చేస్తామన్న పనిలో మొదటిది ఆ డయల్ తీసేయడమే. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. వచ్చే వందమందిలో తొంభై మందికి వాచీ కొత్తగా కనబడటమే కావాలి, వాళ్ళకు అలవాటైన పని వాళ్ళు చెప్పారు. మీ వాచీకి మాత్రం ఆ పని పనికిరాదు.

ఇక గోధుమరంగు సంగతి. 1950లు, 60ల నాటి కొన్ని నల్ల డయళ్ళ మీద వేసిన రంగు ఎండకు, అందులోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేకపోయింది. ఏళ్ళ తరబడి వెలుతురు పడేసరికి నలుపు కాస్తా కాఫీ గింజ రంగుకు, కొన్నిసార్లు తేనె రంగుకు తిరిగింది. కంపెనీల దృష్టిలో అది నాణ్యత లోపం. ఆ రోజుల్లో సర్వీసుకు ఇస్తే అలాంటి డయల్ తీసేసి కొత్తది వేసి ఇచ్చేవారు. అందువల్లే ఇప్పుడు రంగు మారిన అసలు డయళ్ళు తక్కువ మిగిలాయి. వీటిని ట్రాపికల్ డయల్ అంటారు. ఎండ దేశాల్లో తిరిగిన వాచీలన్న ఉద్దేశంతో వచ్చిన పేరు. రెండు డయళ్ళు ఒకే రకంగా రంగు మారవు. ఒకే ఏడాది ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన రెండు వాచీల్లో ఒకటి నల్లగానే ఉండి, ఇంకోటి దాల్చినచెక్క రంగుకు తిరిగి ఉండవచ్చు. సేకరించేవాళ్ళకు ఆ తేడా అంటే ప్రాణం.

అయితే ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. రంగు డయల్ అంతటా సమానంగా మారితేనే విలువ. నీళ్ళు దూరి ఒకపక్క మరకలు పడి, పెయింట్ పొక్కులు లేచి, పేరు అక్షరాలు ఊడిపోతే అది ట్రాపికల్ కాదు, చెమ్మకు పాడైన డయల్. మన దగ్గర ఈ రెండోదే ఎక్కువ. సముద్రగాలి, ఉక్కపోత, చెమట. అల్లూరు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళ వాచీలు నా దగ్గరికి వస్తుంటాయి, మూత తీస్తే లోపలంతా ఉప్పు పేరుకుని ఉంటుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చి, పెట్టెల్లో తడిసి, ఆరబెట్టి అలాగే దాచేసిన వాచీలు కూడా చూశాను. వాటిలో చాలావాటికి ఏ రేటూ రాదు. కాబట్టి మీ డయల్‌ను పగటి వెలుతురులో భూతద్దంతో చూడండి. అక్షరాల అంచులు చెక్కుచెదరకుండా ఉన్నాయా? రంగు గ్లాసు అంచు దాకా ఒకేలా ఉందా? మీరు రాసింది చూస్తే సమానంగానే మారినట్టుంది. అదే నిజమైతే చెన్నై ఆయన చూసింది దాన్నే.

అంకెల పక్కన, ముళ్ళ మీద చీకట్లో వెలగడానికి వేసిన పదార్థం కూడా చాలా కథలు చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా రేడియం వాడారు. అమెరికాలో ఆ రేడియం పెయింటును కుంచె మొనను పెదాలతో సన్నగా చేసుకుంటూ పూసిన ఫ్యాక్టరీ అమ్మాయిల్లో పలువురు దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. ఆ తర్వాత 60ల్లో క్రమంగా ట్రిషియంకు మారారు. ట్రిషియం వాడిన వాచీల డయల్ అడుగున స్విస్ మేడ్ అన్న మాట పక్కన చిన్న టి అక్షరం కనిపిస్తుంది. ట్రిషియం బలం సుమారు 12 ఏళ్ళలో సగానికి పడిపోతుంది కాబట్టి 60ల నాటి వాచీ ఇప్పుడు చీకట్లో వెలగదు. రేడియం సగమవడానికి 1600 ఏళ్ళు పడుతుంది. అయినా అదీ వెలగదు, ఎందుకంటే దానితో కలిపిన, అసలు వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ చచ్చిపోతుంది. వెలుగు లేదు గానీ రేడియేషన్ ఉంటుంది. అందుకే ఏ పాత వాచీ డయల్‌నూ గోకకండి, పొడి ఊదకండి. పిల్లల చేతికి ఇవ్వకండి.

ఈ పదార్థం వయసుతో పాటు తెలుపు నుంచి మీగడ రంగుకు, ఆపై నారింజ కలిసిన పసుపుకు మారుతుంది. డయల్ మీదా ముళ్ళ మీదా అది ఒకే తీరుగా పండితే ఆ ముళ్ళు ఆ డయల్‌తో కలిసి పుట్టినవే అని ఒక గట్టి ఆధారం. డయల్ మీద పచ్చగా పండి, ముళ్ళ మీద తెల్లగా మెరుస్తుంటే ముళ్ళు తర్వాత మార్చారని అర్థం. పాడైన వాచీలో ఇలాంటి ఆధారాలన్నీ చెదరకుండా ఉంటాయి. కొత్తగా చేయించిన వాచీలో ఉండవు. అందుకే అనుభవమున్న కొనుగోలుదారు తళతళలాడే పాత వాచీని చూస్తే వెనకడుగు వేస్తాడు, పగిలిన గ్లాసు కింద దుమ్ము పట్టిన డయల్‌ను చూస్తే ముందుకు వస్తాడు.

కేసు విషయంలోనూ ఇంతే. మీ మోడల్‌లో బెల్టు తగిలించే కొమ్ములు ఒంపు తిరిగి, అంచున సన్నని గీత లాంటి చెక్కుడుతో ఉంటే గమనించండి. పాలిష్ చక్రం మీద పెట్టగానే ఆ అంచు కరిగి గుండ్రమైపోతుంది. వెనుక మూత మీద సముద్రగుర్రం బొమ్మ ఉంటుంది, అదీ అరిగిపోతుంది. గీతలు పోవాలంటే ఆ గీత ఎంత లోతు ఉంటే అంత లోహం చుట్టూ తీసేయాలి కదా. తీసేసిన లోహం మళ్ళీ రాదు. గీతలున్నా అంచులు పదునుగా ఉన్న కేసుకే ఎక్కువ ధర వస్తుంది. ఇది ముందు నమ్మబుద్ధి కాదు గానీ, పక్కపక్కన రెండు పెట్టి చూపిస్తే కొత్తవాళ్ళకు కూడా వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ చెరిగిపోయిన బెజెల్. ఒమేగాదే మరో మోడల్ స్పీడ్‌మాస్టర్ ఉంది. 1970కి ముందు దాని బెజెల్ మీద 90 అంకె దగ్గరి చుక్క అంకెకు పైగా ఉండేది, ఆ తర్వాత పక్కకు జరిపారు. చుక్క పైనున్న ఆ పాత రింగు ఒక్కటే, వాచీ లేకుండా, మన డబ్బులో లక్ష దాటి అమ్ముడవుతుంది. ఎందుకంటే అలాంటి పాత స్పీడ్‌మాస్టర్ ఎవరి దగ్గరో ఉంటుంది, దానికి సర్వీసులో కొత్త బెజెల్ వేసేసి ఉంటారు, ఆ లోటు పూడ్చుకోవడానికి ఆయన ఎంతైనా పెడతాడు. పాడైన వాచీలు కొనేవాళ్ళలో ఇలా విడిభాగాల కోసం కొనేవాళ్ళు చాలామంది. పెద్ద కంపెనీలు పాత భాగాలు తయారు చేయడం మానేశాయి, కొన్ని కంపెనీలు బయటి రిపేరర్లకు భాగాలు అమ్మవు. వాల్జూ 72 అనే క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉండే) మిషన్ రోలెక్స్ డేటోనా దగ్గర్నుంచి హోయర్ దాకా ఎన్నో వాచీల్లో వచ్చింది. ఎవరికీ తెలియని చిన్న బ్రాండు వాచీ అయినా, కేసు తుప్పు పట్టి రూపం చెడినా, లోపల ఆ మిషన్ ఉందంటే దానికి గిరాకీ ఉంటుంది. మీ బెజెల్ మాత్రం తీసి పారేయకండి. వెలిసినా అది ఆ వాచీతో వచ్చిందే.

యజమాని ఎవరన్నది ఇంకో కారణం. దీని గురించి పత్రికల్లో ఎక్కువ రాస్తారు కాబట్టి మీరూ వినే ఉంటారు. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో ఒక కోటీ 77 లక్షల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కలో సుమారు 115 కోట్ల రూపాయలు. వెనుక మూత మీద ఆయన భార్య జాగ్రత్తగా నడపమని చెక్కించిన మాట ఉంది. ఆయన కార్ల రేసుల్లో పాల్గొనేవాడు. మీ ప్రశ్నకు అంతకంటే దగ్గరగా ఉన్నది హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో వాచీ. అది రోలెక్స్ జీఎంటీ మాస్టర్. షూటింగ్ కోసం ఆయన దాని బెజెల్ ఊడదీసేశాడు, వెనుక తన పేరు తానే గీకి రాసుకున్నాడు. ఏ షాపుకు తీసుకెళ్ళినా పాడైన వాచీ అనే అంటారు. 2019 డిసెంబరులో అది 19 లక్షల 52 వేల డాలర్లకు, దాదాపు 14 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. ఎవరైనా మంచి మనసుతో దానికి కొత్త బెజెల్ వేసి, వెనుక గీతలు పాలిష్ పట్టి ఉంటే అది మామూలు పాత జీఎంటీ అయ్యేది.

నన్ను బాగా కదిలించేది వేరే వాచీ. టైటానిక్‌లో ప్రయాణించిన సైనై కాంటర్ అనే రష్యా యూదుడి జేబు వాచీ అది. 1912 ఏప్రిల్ 15న ఓడ మునిగినప్పుడు ఆయన చనిపోయాడు. భార్య లైఫ్‌బోటులో బతికి బయటపడింది. సముద్రంలోంచి తీసిన ఆయన శరీరం మీద దొరికిన వాచీని ఆమెకు అప్పగించారు. డయల్ మీద అంకెలకు బదులు హీబ్రూ అక్షరాలు. ఉప్పునీళ్ళకు డయల్ మరకలు పడి, ముళ్ళు దాదాపు కరిగిపోయి, మిషన్ తుప్పు ముద్దయింది. దాన్ని ఎవరూ బాగుచేయలేరు, బాగుచేయకూడదు కూడా. కుటుంబం వందేళ్ళకు పైగా దాచుకుని 2018లో వేలానికి పెడితే 57,500 డాలర్లు వచ్చాయి, మన డబ్బులో 40 లక్షలు. అక్కడ కొన్నవాడు కొన్నది ఆ తుప్పునే. ఆ రాత్రి ఆ నీళ్ళలో ఉన్న వస్తువు అన్నదానికి ఆ తుప్పే రుజువు. పాడైనందుకు ఎవరూ డబ్బివ్వరని పైన అన్నాను. ఇలాంటి కొద్ది వాచీల విషయంలో మాత్రం ఆ మాట వర్తించదు.

మీ తాతగారు ప్రపంచానికి తెలిసిన మనిషి కాకపోవచ్చు. అయినా ఆయన ఓడ ఉద్యోగపు కాగితాలు, ఆ వాచీ పెట్టుకుని దిగిన ఫోటో, సింగపూర్ షాపు రసీదు, ఇందులో ఏ ఒక్కటి దొరికినా భద్రం చేయండి. 60ల చివర్లో బ్రిటిష్ నౌకాదళం తన డైవర్లకు ఇదే సీమాస్టర్ 300ను ఇచ్చింది కాబట్టి ఈ మోడల్ మీద చాలామందికి గురి ఉంది. గురి ఉన్నచోట నకిలీలూ ఉంటాయి. ఈ మోడల్‌కు సర్వీసు భాగాలతో కొత్తగా కట్టిన వాచీలు మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి. ఒకే కుటుంబంలో మొదటి నుంచీ ఉన్న వాచీ అని నమ్మకంగా చూపించగలిగితే ఆ అనుమానం తొలగుతుంది.

నకిలీల గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పాతదనానికి ధర పెరిగాక పాతదనాన్నే తయారు చేసేవాళ్ళు వచ్చారు. డయళ్ళను వేడి చేసి గోధుమరంగు తెప్పిస్తారు. వెలుగు పదార్థంలో రంగు కలిపి పండినట్టు పూస్తారు. 2021 నవంబరులో జెనీవాలో గోధుమరంగు డయల్ ఉన్న 1957 నాటి స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది, దాదాపు 25 కోట్ల రూపాయలు. కొన్నది స్వయంగా ఒమేగా వాళ్ళ మ్యూజియమే. 2023లో ఒమేగానే బయటపెట్టింది, అది వేర్వేరు వాచీల భాగాలు కలిపి కట్టిన వాచీ అని, ఇందులో తమ మాజీ ఉద్యోగులే ఉన్నారని. కంపెనీనే అలా మోసపోతే మామూలు మనిషి సంగతి చెప్పక్కర్లేదు. మన దేశంలో ఇంకా తేలిగ్గా జరిగేది డయల్ మీద కొత్త రంగు, కొత్త అక్షరాలు వేసి అమ్మడం. ఆన్‌లైన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో మెరిసిపోయే పాత ఫేవర్ లూబాలు, సీకో 5లు, హెచ్ఎంటీ పైలట్లు వేలల్లో కనిపిస్తాయి. చాలావాటి డయళ్ళు మొన్న మొన్న వేసినవే. పది మంది అబ్బాయిలు అవి కొని నా దగ్గరికి ఆనందంగా తెస్తారు, నిజం చెప్పాలంటే మనసు రాదు, కానీ చెబుతాను.

హెచ్ఎంటీ పేరు వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను, మన ఇళ్ళలో ఎక్కువగా దొరికేవి అవే. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలై, 2016లో మూసివేత నిర్ణయం అయ్యేదాకా లక్షల చేతుల మీద నడిచిన వాచీలవి. జనతా, సోనా, కంచన్, పైలట్. బిట్రగుంట రైల్వే కాలనీ ఇళ్ళ నుంచి, టీచర్ల పెన్షనర్ల ఇళ్ళ నుంచి ఇప్పటికీ వస్తుంటాయి. తుప్పు పట్టిన మామూలు జనతాకు లక్షలు వస్తాయని ఎవరైనా వీడియోలో చెబితే నమ్మకండి. అవి చాలా తయారయ్యాయి, చాలానే మిగిలాయి. అసలు డయల్ చెదరకుండా ఉన్నవి, హిందీలో పేరు రాసినవి, సంస్థల చిహ్నం వేయించి రిటైర్మెంటుకు ఇచ్చినవి, అంధుల కోసం చేసిన బ్రెయిలీ వాచీలు, వీటిని మాత్రం సేకరించేవాళ్ళు అడిగి మరీ కొంటారు. పాడైన ప్రతి పాత వాచీ నిధి కాదు. తక్కువగా తయారైనది, ఎక్కువమంది కోరుకునేది, చెయ్యి పడనిది అయితేనే దెబ్బలను పక్కన పెట్టి డబ్బు పెడతారు. ఈ మూడూ కలవకపోతే దెబ్బ తిన్న వాచీ దెబ్బ తిన్న వాచీయే.

ఒక బాధాకరమైన విషయం కూడా ఉంది. బంగారు కేసు ఉన్న పాత వాచీలను మనవాళ్ళు బంగారం రేటు పెరిగినప్పుడల్లా కరిగించేశారు. మిషన్, డయల్ ఊడదీసి చెత్తలో వేసి, కేసును తూకానికి ఇచ్చేయడం. వాచీగా బంగారం కన్నా ఎక్కువ విలువ చేసేవి కూడా అలా పోయాయి. మీ ఇంట్లో మరోటి ఏదైనా ఉంటే, తూకం వేయించే ముందు వాచీలు తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించండి.

ఇక మీరు చేయవలసింది. కీని బలవంతంగా తిప్పకండి, తుప్పు పట్టిన కడ్డీ లోపలే విరిగిపోతుంది. వాచీని ఊపి నడిపించాలని చూడకండి. మీది ఊపుతో కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీ, లోపల బరువు తిరిగితే ఎండిపోయిన భాగాలు ఒరుసుకుంటాయి. గ్లాసు పగిలింది కాబట్టి ముక్క డయల్ మీద రాలే ప్రమాదం ఉంది. అందుకని వాచీని వెల్లకిలా కదలకుండా ఒక పెట్టెలో పెట్టి, మందు బిళ్ళల డబ్బాల్లో వచ్చే, చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు రెండు పడేయండి. వంటగదికి, దేవుడి గది దీపానికి దూరంగా పెట్టండి. వెనుక మూతను కత్తితో తెరవాలని మాత్రం చూడకండి. అది మర మూత, సరైన పనిముట్టు లేకపోతే జారి గీత పడుతుంది.

రిపేరు చేయించాలనే అనుకుంటే మిషన్ సర్వీసు, గ్లాసు మార్పు, రబ్బరు వాషర్లు, ఇంతవరకే. గ్లాసు ప్లాస్టిక్‌ది, మార్చినా విలువ పోదు. డయల్, ముళ్ళు, బెజెల్, బయట పట్టుకుని తిప్పే కీ బొడిపె, కేసు ముట్టుకోవద్దని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. మార్చిన ప్రతి పాత భాగాన్నీ చిన్న కవర్లో పెట్టి తిరిగి ఇవ్వమని అడగండి. కంపెనీ సర్వీసుకు పంపినా ఇదే షరతు ముందే చెప్పండి. లేకపోతే వాళ్ళ పద్ధతి ప్రకారం కొత్త డయల్, కొత్త ముళ్ళు, కొత్త బెజెల్ వేసి మెరిపించి పంపేస్తారు. వాళ్ళ వైపు నుంచి అది మంచి పనే. మీకు మాత్రం అది తాతగారి వాచీ కాకుండా పోతుంది.

అమ్మాలనుకుంటే తొందర వద్దు. చెన్నై ఆయన చెప్పిన రెండు లక్షలు తక్కువో ఎక్కువో లోపలి నంబర్లు చూడకుండా ఎవరూ చెప్పలేరు. మొదట అడిగినవాడికే ఇచ్చేయాలని లేదు, కనీసం ఇద్దరు ముగ్గురి మాట వినండి. అడ్వాన్సు వేశాను, వాచీ కొరియర్ చేయండి అంటే ఒప్పుకోకండి. డబ్బు మొత్తం మీ అకౌంట్లో పడి, మీరు బ్యాంకులో సరిచూసుకున్నాక, మనిషి ఎదురుగా వచ్చి తీసుకెళ్ళాలి. స్క్రీన్‌షాట్ చూపిస్తే అది డబ్బు కాదు. "చూసి వెంటనే ఇచ్చేస్తాను" అని వాచీ తీసుకెళ్ళి, డయల్ మార్చి తిరిగి ఇచ్చినవాళ్ళ సంగతులు ఈ వ్యాపారంలో ఉన్నాయి. అందుకని ఎవరికి చూపించాలన్నా ముందు మీరే అన్ని వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఫోటోలు కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా తీయండి. డయల్ నేరుగా ఒకటి, కొంచెం ఏటవాలుగా ఒకటి, ఆరు అంకె కింద ఉన్న చిన్న అక్షరాలు దగ్గరగా, కొమ్ముల అంచులు పక్క నుంచి, వెనుక మూత మీది సముద్రగుర్రం. ఎవరైనా నమ్మకమైన రిపేరర్ మూత తెరిస్తే, మూత లోపలి వైపు ముద్రించిన మోడల్ నంబరు, మిషన్ మీద చెక్కిన సీరియల్ నంబరు తప్పకుండా తీయించండి. పాత రిపేరర్లు మూత లోపల సూదితో చిన్నగా తేదీలు, గుర్తులు గీసేవాళ్ళు, అవి కూడా వదలకండి. ఈ నంబర్లు ఒకదానితో ఒకటి, ఆ కాలంతో సరిపోతే మీ వాచీ ఏ ఏడాదిదో, దానిలో ఏం మారాయో, ఏం మారలేదో చెప్పవచ్చు. అప్పుడు ధర గురించి మాట్లాడుకోవడం తేలిక. ఆ ఫోటోలు వచ్చాక మళ్ళీ అడగండి, చూసి చెబుతాను.